కప్పులో ఉన్నది, పలకపై లేనిది

కాఫీ పొడి అమ్మే పాత దుకాణాలలో ఒక మంచి ఆచారం ఉన్నది. కొనేవాడు వెళ్ళి, "అరకిలో ఇవ్వండి, ఎనభై - ఇరవై" అంటాడు. దుకాణదారు వేయించిన గింజలను తూచి మరలో పోస్తాడు. చికోరీ పొడిని వేరొక డబ్బాలోనుండి తీసి, దానినీ తూచి కలుపుతాడు. ఎనభై పాళ్ళు కాఫీ, ఇరవై పాళ్ళు చికోరీ. రెండు తూనికలూ కొనేవాని కళ్ళయెదుటనే జరుగుతాయి. చికోరీ కాఫీ కాదు. అయినా ఈ బేరంలో మోసం లేదు. కలిపినది ఏమిటో, ఎంతో ఇద్దరికీ తెలుసు.

అదే మనిషి సాయంకాలం ఒక హోటలుకో, కొత్తగా వెలసిన కాఫీ షాపుకో వెళ్ళి ఒక కప్పు కాఫీ తీసుకుంటాడు. గోడమీది పలకపై పానీయం పేరు, వెల ఉంటాయి. ఆ కప్పులో కాఫీ ఎంత, చికోరీ ఎంత, పైన తెల్లగా నిలిచిన నురుగు పాలమీగడా లేక శాకతైలంతో చేసిన పదార్థమా, తియ్యని వాసన వనిల్లా కాయదా లేక కర్మాగారంలో తయారయినదా అనే సంగతులు ఆ పలక చెప్పదు. ఉదయం తూకం వేయించి, చూచి కొన్న మనిషి సాయంకాలం చూడకుండానే తాగుతాడు.

ఇది కేవలం రుచికి సంబంధించిన తగవు కాదు. పాలు పడనివారు, గర్భవతులు, మధుమేహం ఉన్నవారు, శాకాహార నియమం పాటించేవారు కూడా ఆ కప్పునే తాగుతారు. వారిలో ప్రతి ఒక్కరికీ అందులో ఉన్నదేమిటో తెలుసుకోవలసిన అవసరం ఉన్నది. ఆ అవసరాన్ని పానీయాలు అమ్మేవారు ఎంతవరకు తీరుస్తున్నారు, చట్టం ఎంతవరకు తీర్చింది, వినియోగదారుల తరఫున మాట్లాడేవారు ఎంతవరకు న్యాయంగా మాట్లాడుతున్నారు అన్నవి విచారించదగిన విషయాలు.

చికోరీ ఎందుకు కలుపుతారు?

చికోరీ పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క. దీని పువ్వులు నీలంగా ఉంటాయి. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు సికోరియం ఇంటిబస్. భారతదేశంలో దీనిని గుజరాత్ వంటి రాష్ట్రాలలో పండిస్తారు. వాడేది దీని దుంపవేరు. వేరును ముక్కలు కోసి, ఎండబెట్టి, వేయించి, పొడిచేస్తారు. ఈ వేరులో ఇన్యులిన్ అనే పిండి పదార్థం సమృద్ధిగా ఉంటుంది. వేయించినప్పుడు ఇన్యులిన్ కొంత విడిపోయి ఫ్రక్టోజు అనే చక్కెర ఏర్పడుతుంది. ఆ చక్కెర మాడి గోధుమరంగునూ, ఒక విధమైన తీపి చేదునూ ఇస్తుంది.

నీటిలో కరిగే భాగం కాఫీ పొడిలో కంటె వేయించిన చికోరీలో సుమారు రెండింతలు ఉంటుంది. అందుచేత కొద్దిగా చికోరీ పడితే చాలు, డికాషను నల్లగా, చిక్కగా దిగుతుంది. కాఫీ గింజల కంటె చికోరీ చవుక కూడా. తక్కువ ఖర్చుతో చిక్కని రంగు వస్తుంది కనుక వర్తకులకు దానిపై మక్కువ కలిగినది. చాలామంది తెలుగువారికి, తమిళులకు ఆ రుచే అలవాటయి, చికోరీ లేని కాఫీ పలుచగా తోస్తుంది. ఇందులో తప్పేమీ లేదు.

అయితే చికోరీలో కెఫీన్ లేదు. ఒక చిన్న లెక్క చూడవచ్చు. రొబస్టా గింజలలో కెఫీన్ సుమారు 2 శాతం ఉంటుంది. 10 గ్రాముల పొడి అంతా రొబస్టా అయితే అందులో కెఫీన్ సుమారు 200 మిల్లీగ్రాములు. అదే పొడి 60 - 40 మిశ్రమమయితే 120 మిల్లీగ్రాములే. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన అభిప్రాయం ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు, గర్భవతులు 200 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ తీసుకోవచ్చును. ఈ హద్దును పాటించదలచిన గర్భవతికి తన కప్పులోని పాళ్ళు తెలియకపోతే ఏ లెక్కా సాగదు. చికోరీ కలపడం ఆమెకు మేలే చేయవచ్చు. కాని ఆ మేలు సంగతి కూడా ఆమెకు తెలియదు.

ఒక పాత తగాదా

ఈ వివాదం కొత్తది కాదు. 1806లో నెపోలియన్ బ్రిటిష్ సరుకుల రాకను అడ్డగించినప్పుడు ఫ్రాన్సులో కాఫీకి కరువు వచ్చి చికోరీ వాడకం పెరిగినది. తరువాత అది ఇంగ్లండుకూ పాకినది. 1840లో బ్రిటిష్ ఖజానా శాఖ కాఫీలో చికోరీ కలిపి అమ్మడానికి అనుమతి ఇచ్చినది. కలిపినట్టు చెప్పాలన్న నిబంధన మాత్రం పెట్టలేదు. వర్తకులు కాఫీ అనే పేరుతోనే మిశ్రమాన్ని అమ్మసాగారు.

1850లో ఆ దేశపు ఆర్థికమంత్రి సర్ చార్లెస్ వుడ్, కాఫీలో కలిసిన చికోరీని రసాయనశాస్త్రం గాని మరొక మార్గం గాని కనిపెట్టలేదని పార్లమెంటులో వాదించాడు. ఆర్థర్ హిల్ హస్సాల్ అనే వైద్యుడు ఆ మాట తప్పని నిరూపించాడు. అతడు దుకాణాలలో కాఫీ పొట్లాలు కొని, ఆ పొడిని సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. వేయించి పొడి చేసినా గింజ కణాల ఆకృతి వేరు, వేరులోని కణాల ఆకృతి వేరు. గింజలో దళసరి గోడల కణాలు కనిపిస్తాయి. చికోరీ వేరులో పెద్ద పలుచని కణాలు, నీటిని మోసే నాళాలు కనిపిస్తాయి. అతడు చూచిన నమూనాలలో అధిక భాగం చికోరీ కలిసినవే. 1851 నుండి లాన్సెట్ అనే వైద్యపత్రిక ఈ పరీక్షల ఫలితాలను ప్రకటించినది. సంపాదకుడు థామస్ వేక్లీ అమ్మిన దుకాణాల పేర్లు, చిరునామాలు కూడా అచ్చువేయడానికి వెనుకాడలేదు.

దాని ఫలితంగా, మిశ్రమం అమ్మేటప్పుడు పొట్లంపై ఆ సంగతి తెలపాలనే నియమం వచ్చినది. 1860లో కల్తీ నిరోధక చట్టం, 1875లో మరింత బలమైన ఆహార, ఔషధ విక్రయ చట్టం వచ్చాయి. 1875 చట్టంలో గమనించదగిన సూత్రం ఒకటి ఉన్నది. కొనేవాడు ఏ వస్తువును అడిగాడో ఆ వస్తువే, ఆ స్వభావంతోనే, ఆ నాణ్యంతోనే ఇవ్వాలి. వస్తువు విషమా కాదా అన్నది వేరే ప్రశ్న. విషం కాకపోయినా, అడిగినది ఒకటి, ఇచ్చినది మరొకటి అయితే అది నేరమే.

చట్టం ఎక్కడ ఆగిపోయినది?

భారతదేశంలో ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చినది. దాని స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చి, 2011 నుండి పూర్తిగా అమలులోకి వచ్చినది. కాఫీ - చికోరీ మిశ్రమం అని అమ్మే పొడిలో తూకం ప్రకారం కనీసం 51 శాతం కాఫీ ఉండాలని నియమం. రెంటి శాతాలనూ పొట్లంపై స్పష్టంగా రాయాలి. అంటే 49 శాతం చికోరీ ఉన్న పొడి కూడా చట్టబద్ధమే, చెప్పి అమ్మితే. ఇతర పొట్లపు ఆహారాలపై కూడా పదార్థాలన్నిటినీ, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరువాత అనే క్రమంలో రాయాలి. సంకలితాల పేరు గాని అంతర్జాతీయ సంఖ్య గాని రాయాలి.

ఇంతవరకు చట్టం మెచ్చదగినదే. కాని ఆ పొట్లం ఇంటికి పోక హోటలుకు పోతే ఏమవుతున్నది? పొట్లం మీది లేబులు హోటలు వెనుకగది దాకా వచ్చి అక్కడ ఆగిపోతున్నది. వంటవాడు పొట్లం చించి పొడిని ఫిల్టరులో వేస్తాడు. లేబులు చెత్తబుట్టలో పడుతుంది. తాగేవాని ముందుకు వచ్చేది కప్పు మాత్రమే. బస్ స్టాండులలోను, ఆఫీసులలోను ఉండే యంత్రపు కాఫీ సంగతీ ఇంతే. చక్కెర, పాలపొడి, కాఫీ - చికోరీ సారం ముందే కలిపిన పొడిని యంత్రంలో పోస్తారు. ఆ పొడి సంచిపై వివరాలన్నీ ఉంటాయి. యంత్రం మీద మాత్రం పొగలు కక్కే కప్పు బొమ్మ ఉంటుంది.

2020లో వచ్చిన లేబులింగు, ప్రదర్శన నియమాలు ఈ లోటును కొంత పూరించాయి. కేంద్ర లైసెన్సు గల సంస్థలు, 10 గాని అంతకు మించి గాని చోట్ల శాఖలున్న సంస్థలు తమ మెనూలో ఒక్కొక్క వంటకానికి కెలొరీలు ఎన్నో తెలపాలి. పడనివారికి ప్రమాదం కలిగించే పదార్థాల సమాచారం ఇవ్వాలి. ఇది మంచి అడుగు. అయినా కెలొరీ శక్తి ఎంతో చెబుతుంది గాని, ఆ శక్తి పాలనుండి వచ్చినదో, చక్కెరనుండి వచ్చినదో, శాకతైలంనుండి వచ్చినదో చెప్పదు. శాఖలు లేని చిన్న హోటళ్ళు, వీధి చివరి దుకాణాలు ఈ నియమం పరిధిలోకి రావు. ఎక్కువమంది కాఫీ తాగేది అక్కడే.

కొత్త పానీయాలు, కొత్త చేర్పులు

పాత హోటలు కాఫీలో కాఫీ, చికోరీ, పాలు, చక్కెర ఈ నాలుగే ఉండేవి. కొత్త కాఫీ షాపుల పానీయాలలో జాబితా పెరిగినది. సువాసన సిరప్‌లలో చక్కెర, నీరు, సువాసన ద్రవ్యాలతోపాటు నిలవ ఉండడానికి పొటాషియం సార్బేటు (202), రంగుకు కారమెల్ (150) వంటివి కలుపుతారు. చల్లని పానీయాలు చిక్కగా ఉండడానికి జాంతాన్ జిగురు (415) వాడతారు. వనిల్లా వాసననిచ్చే వనిలిన్ అనే పదార్థంలో అధిక భాగం కర్మాగారాలలో సంశ్లేషణ చేసినదే. వనిల్లా కాయలనుండి తీసేది అత్యల్పం.

వీటిలో ఎక్కువ భాగం అనుమతించిన మోతాదులో హాని చేయనివి. అయినా చెప్పకపోవడం వలన నిజమైన హాని కలిగే సందర్భాలు లేకపోలేదు. పాలకు బదులుగా వాడే కొన్ని తెల్లని పొడులను పాడి పదార్థం కానివని వ్యవహరిస్తారు. వాటిలో సోడియం కేసినేటు తరచుగా ఉంటుంది. కేసినేటు పాలలోని మాంసకృత్తుల నుండే తయారవుతుంది. పాల మాంసకృత్తులు పడని బిడ్డకు తల్లి ఆ పేరును నమ్మి అట్టి పానీయం ఇప్పిస్తే జరగరానిది జరగవచ్చు. మధుమేహం ఉన్న వ్యక్తి "చక్కెర వేయవద్దు" అని చెప్పినా, సిరప్‌లోని చక్కెర కప్పులోకి వచ్చే తీరుతుంది. అమ్మే కుర్రవాడు అబద్ధం చెప్పలేదు. అతనికీ ఆ సంగతి తెలియదు.

2016లో నువ్వులు పడని పదిహేనేళ్ళ బాలిక ఇంగ్లండులో కొన్న ఒక రొట్టె తిని మరణించినది. ఆ రొట్టె పిండిలో నువ్వులు కలిసి ఉన్నాయి. దుకాణంలోనే తయారుచేసిన ఆహారంపై పదార్థాల పూర్తి జాబితా అక్కరలేదని అప్పటి నియమం. 2021 అక్టోబరు నుండి ఆ నియమం మారి, దుకాణంలోనే చేసి పొట్లం కట్టి అమ్మే ఆహారంపై కూడా జాబితా తప్పనిసరి అయినది. వెనుకగదిలో ఆగిపోయిన లేబులు కొనేవాని చేతికి రావడానికి ఒక బాలిక ప్రాణం పోవలసి వచ్చినది.

భయపెట్టేవారి పొరపాటు

అమ్మేవారిని విమర్శించినంత మాత్రాన వారిపై కేకలు వేసేవారంతా సరియైనవారు కారు. లేబులుపై సంఖ్య కనిపిస్తే చాలు, విషమని ప్రచారం చేసేవారు ఉన్నారు. సంఖ్య 300 అంటే విటమిన్ సి. 330 అంటే నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లం. సంఖ్యకు భయపడేవారు నిమ్మరసానికీ భయపడవలసి వస్తుంది.

కారమెల్ రంగు సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. అమోనియా సంయోగాలతో తయారుచేసిన కారమెల్ రకాలలో 4-మిథైల్ ఇమిడజోల్ అనే పదార్థం స్వల్పంగా ఏర్పడుతుంది. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2011లో దీనిని మానవులలో కాన్సరు కలిగించే అవకాశం ఉండవచ్చుననే తరగతిలో చేర్చినది. అయితే కాఫీ గింజలను వేయించినప్పుడు కూడా ఇదే పదార్థం ఏర్పడుతుంది. బయటినుండి ఏమీ చేర్చని కాఫీలో కూడా ఇది ఉంటుంది. అందుచేత "చేర్చినదంతా చెడు, సహజమైనదంతా మంచి" అనే వాదం శాస్త్రం ముందు నిలవదు. మోతాదు ఎంత అన్నదే ప్రమాదాన్ని నిర్ణయిస్తుంది.

ఇట్టి తప్పుడు వాదం వలన రెండు నష్టాలున్నాయి. సామాన్యులు అకారణంగా భయపడతారు. ఆ భయం వట్టిదని తేలినప్పుడు అమ్మేవారు అసలు ప్రశ్నను కూడా కొట్టివేస్తారు. అసలు ప్రశ్న, "ఇది విషమా?" అన్నది ఒక్కటే కాదు. "ఇది ఏమిటి? నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నది కూడా.

ఇందుకు అమెరికాలో జరిగిన రెండు సంఘటనలు మంచి ఉదాహరణలు. 2012లో స్టార్‌బక్స్ సంస్థ స్ట్రాబెరీ పానీయానికి కాకినీల్ అనే ఎరుపు రంగు వాడుతున్నదని బయటపడినది. ఇది నాగజెముడు జాతి మొక్కలపై బ్రతికే ఒక కీటకంనుండి తీసే రంగు. అనుమతి ఉన్నదే, అతి కొద్దిమందికి తప్ప హాని చేయనిదే. కాని శాకాహారులు తెలియక దానిని తాగుతున్నారు. సంస్థ ఆ రంగును మాని, టొమాటోలనుండి తీసే లైకోపీన్‌కు మారుతున్నట్టు ఆ సంవత్సరమే ప్రకటించినది. ఇక అదే సంస్థ 2003 నుండి అమ్ముతున్న గుమ్మడికాయ మసాలా కాఫీలో గుమ్మడికాయే లేదు! పదార్థాల జాబితాను గురించి వినియోగదారులు గట్టిగా అడిగిన తరువాత, 2015లో నిజమైన గుమ్మడికాయ గుజ్జు చేర్చి, కారమెల్ రంగును తీసివేసినది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్న సామెత ఇక్కడ గుర్తుకు రాక మానదు. వెనుకటి రంగు వలన ఎవరికో రోగం వచ్చినదని రుజువు కాలేదు. అయినా అడిగిన తరువాత మార్చినారంటే, అడగకముందు చెప్పవలసినది కొంత ఉన్నదనే అర్థం.

చేయదగినది

దీనికి పరిష్కారం ఖర్చుతో కూడినది కాదు. హోటలుకు వచ్చే ప్రతి పొట్లంపై పదార్థాల జాబితా ఇప్పటికే అచ్చయి ఉన్నది. దానిని ఒక పుస్తకంలో అంటించి, అడిగినవారికి చూపడానికి గల్లాపెట్టె దగ్గర ఉంచితే చాలు. పలకపై కాఫీ పేరు పక్కన 70 - 30 అనో, 60 - 40 అనో రెండు అంకెలు రాయడానికి సుద్దముక్క సరిపోతుంది. పాత కాఫీ పొడి దుకాణాలలో ఏ చట్టమూ అడగకముందే ఈ మర్యాద ఉండేది. దానిని కప్పు దాకా తీసుకురావడమే మిగిలిన పని.

పాఠశాలలలో ఉపాధ్యాయులు ఈ విషయాన్ని ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెట్టవచ్చు. ఒక గాజు గ్లాసులో చల్లని నీరు తీసుకుని, కలపకుండా, కాఫీ పొడిని పైన మెల్లగా చల్లాలి. కాఫీ పొడిలో నూనె ఉన్నందున అది కొంతసేపు తేలుతుంది. చికోరీ త్వరగా నీటిని పీల్చి, గోధుమరంగు చారలు విడుస్తూ మునుగుతుంది. ఈ పరీక్షకు ఉన్న హద్దులను కూడా విద్యార్థులకు చెప్పాలి. చికోరీ ఉన్నదీ లేనిదీ ఇది సూచిస్తుంది గాని, శాతం చెప్పలేదు. నీటిలో వెంటనే కరిగే ఇన్‌స్టంటు పొడికి ఇది పనికిరాదు. కాచి పాలు కలిపిన కప్పు కాఫీకి అసలే పనికిరాదు. గ్లాసులో వేయడానికి పొడి దొరుకుతుంది. కప్పులోకి వెళ్ళిన తరువాత ఇంటిలో చేయగల పరీక్ష ఏదీ లేదు. అక్కడ తాగేవానికి ఆధారం అమ్మేవాని మాట ఒక్కటే.

ప్రయోగం ముగిసిన తరువాత విద్యార్థులు తమ ఇంటిలోని కాఫీ, బిస్కట్టు, పానీయాల పొట్లాలపై ఉన్న జాబితాలను చదివి, అందులోని సంఖ్యల అర్థం వెతికి రాసుకోవచ్చు. ఏది నిలవ ఉంచడానికి, ఏది రంగుకు, ఏది చిక్కదనానికి అని వింగడించవచ్చు. ఆ పని చేసిన విద్యార్థి సంఖ్యను చూచి బెదరడు, పేరును చూచి మోసపోడు. తరువాత ఎప్పుడయినా తండ్రితో కలిసి హోటలుకు వెళ్ళినప్పుడు, "ఇందులో చికోరీ ఎంత అండీ?" అని మర్యాదగా అడుగుతాడు. మొదట అమ్మేవానికి ఆశ్చర్యం కలుగుతుంది. పదిమంది అడిగితే లోపలికి వెళ్ళి పొట్లం చూచి వస్తాడు. నూరుమంది అడిగితే పలకపై రాస్తాడు.